అదే పేరు, అదే రంగు... అదే రేకు కాకపోవచ్చు

విద్యుత్ కారుకు పాత డోరో, బానెటో, బంపరో కొనేముందు ఏమేం సరిచూసుకోవాలి?

జయశంకర్ భూపాలపల్లి జిల్లా రోడ్ల మీద కారు నడిపేవాళ్లకు బంపర్ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. సింగరేణి బొగ్గు లారీలు, మానేరు ఇసుక లారీలు, కోతల కాలంలో సగం రోడ్డు ఆక్రమించే వడ్ల కుప్పలు, చీకటి పడ్డాక అడ్డొచ్చే బర్రెలు. టేకుమట్ల నుంచి పరకాలకో హనుమకొండకో తరచూ తిరిగే కారుకు ఎప్పుడో ఒకప్పుడు సొట్ట పడక తప్పదు. పెట్రోలు, డీజిల్ కార్లకైతే దీనికి అందరికీ తెలిసిన దారి ఉంది. వరంగల్ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో పాత సామాన్ల దుకాణాలు తిరిగితే అదే మోడల్ డోరో ఫెండరో దొరుకుతుంది. టింకరింగ్ మేస్త్రీ బిగిస్తాడు, పెయింటర్ రంగు కలుపుతాడు, బండి మళ్లీ రోడ్డెక్కుతుంది.

ఇప్పుడు ఆ రోడ్ల మీదికి విద్యుత్ కార్లూ వస్తున్నాయి. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. జీవో 41 ప్రకారం ఈ మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఉంటుంది. షోరూమ్ ధరకు పన్ను తోడవకపోవడంతో పల్లెల్లోనూ ఈవీ వైపు చూసేవాళ్లు పెరిగారు. దాంతోపాటే కొత్త ప్రశ్న వచ్చింది. పెట్రోలు నెక్సాన్ డోరు నెక్సాన్ ఈవీకి సరిపోతుందా? పెట్రోలు పంచ్ బానెట్ పంచ్ ఈవీ మీద కూర్చుంటుందా?

కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. కంటికి ఒకేలా కనిపించడానికి, బోల్టు రంధ్రాలు ఒకదానిమీదొకటి పడటానికి చాలా తేడా ఉంది. దుకాణంలో డబ్బు చేతులు మారకముందే ఆ తేడా తెలుసుకోవచ్చు. అందుకు పెద్ద సాంకేతిక చదువేమీ అక్కర్లేదు. బండి పుట్టిన నెల, పార్ట్ నంబరు, రేకు లోపలి వైపు కనిపించే గుర్తులు చూడటం తెలిస్తే చాలు.

ఒకే పేరు, మూడు ముఖాలు

మన దగ్గర ఎక్కువగా కనిపించే విద్యుత్ కార్లలో ఒకటైన నెక్సాన్‌నే తీసుకుందాం. టాటా మోటార్స్ పెట్రోలు, డీజిల్ నెక్సాన్‌ను 2017 సెప్టెంబర్‌లో మార్కెట్లోకి తెచ్చింది. 2020 జనవరిలో దాని ముఖం మార్చింది. బానెట్ కాస్త పైకి లేచింది. హెడ్‌లైట్లు, ముందు బంపర్ మారాయి. అదే నెల 28న 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీతో నెక్సాన్ ఈవీ వచ్చింది. అంటే ఈవీ పుట్టిందే రెండో ముఖంతో. 2023 సెప్టెంబర్‌లో పెట్రోలు బండికీ ఈవీకీ కలిపి మరోసారి రూపం మార్చారు. ముందు లైట్లు రెండుగా విడిపోయాయి, వెనక లైట్లను కలుపుతూ అడ్డంగా వెలుగు పట్టీ వచ్చింది, డిక్కీ డోరు మారింది.

ఈ మూడు తేదీలు గుర్తుంటే సగం మోసం తప్పుతుంది. దుకాణదారు ‘నెక్సాన్ బానెట్’ అని చూపించింది 2018 బండిదైతే అది ఏ నెక్సాన్ ఈవీకీ పనికిరాదు. 2021 పెట్రోలు నెక్సాన్ బానెట్ అయితే అదే కాలపు ఈవీకి సరిపోయే అవకాశం ఎక్కువ. 2024 బండిది మళ్లీ వేరు. తలుపుల సంగతి ఇంత చిక్కు కాదు. ముఖం మార్చినప్పుడు కంపెనీలు సాధారణంగా ముందు, వెనక భాగాలనే మారుస్తాయి. తలుపులు, పైకప్పు లాంటి మధ్య భాగాన్ని అలాగే ఉంచుతాయి. కొత్త అచ్చులు చేయించడం ఖరీదైన పని కావడమే కారణం. అందుకే పాత సామాన్ల బజారులో ఈవీ యజమానికి ముందుగా కలిసొచ్చేది డోరు. ఎక్కువ తిరకాసు పెట్టేది ముందు బంపర్.

ముందు బంపర్‌లో తేడా ఊరికే అలంకారం కోసం పెట్టింది కాదు. పెట్రోలు ఇంజిన్‌కు గాలి బాగా తగలాలి కాబట్టి దాని ముక్కు మీద పెద్ద జాలీ ఉంటుంది. ఈవీలో అంత గాలి అవసరం లేదు. జాలీ మూసేస్తే గాలి ఒరిపిడి తగ్గి, ఒక్క ఛార్జింగ్‌తో మరికొంత దూరం వెళ్లొచ్చు. అలాగని ఈవీకి గాలే అక్కర్లేదనుకోవద్దు. నెక్సాన్ ఈవీ బ్యాటరీని ద్రవంతో చల్లబరుస్తారు. ఆ ద్రవం చల్లారడానికి ముందు రేడియేటర్ ఉంటుంది. బంపర్ కింది భాగంలో కంపెనీ ఎక్కడ సందు వదిలిందో అక్కడ సందు ఉండి తీరాలి. పెట్రోలు బంపర్ తెచ్చి, జాలీ వెనక ప్లాస్టిక్ పలక స్క్రూలతో బిగించి ‘ఈవీ లుక్’ చేసేస్తే చూపుకు బాగానే ఉంటుంది. మే నెల ఎండలో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టినప్పుడు బ్యాటరీకి చల్లదనం చాలకపోవచ్చు.

ఛార్జింగ్ మూత ఎక్కడుందో ముందు చూడండి

ఈవీకీ దాని పెట్రోలు తోబుట్టువుకూ మధ్య అతి పెద్ద తేడా ఛార్జింగ్ మూత. అది ఏ రేకు మీద ఉందో ఆ రేకు పెట్రోలు బండి నుంచి రాదు. ఈ ఒక్క సూత్రం చాలా మోడళ్లకు వర్తిస్తుంది.

నెక్సాన్ ఈవీలో పెట్రోలు మూత ఉండే చోటే, వెనక పక్క రేకు మీద ఛార్జింగ్ మూత పెట్టారు. కాబట్టి ముందు ఫెండర్ల విషయంలో ఈ చిక్కు లేదు. సిట్రోయెన్ ఈసీ3 అలా కాదు. 2023లో వచ్చిన ఈ కారు ఛార్జింగ్ మూత ముందు ఫెండర్ మీద ఉంటుంది. పెట్రోలు సీ3 ఫెండర్‌కు ఆ రంధ్రమే ఉండదు. రంధ్రం కోసి మూత అతికించడం మేస్త్రీకి పెద్ద పని కాకపోవచ్చు. కానీ ఆ మూత వెనక నీళ్లు బయటికి పోయే దారి, సాకెట్‌ను పట్టి ఉంచే బిగింపు, తాళం ఉంటాయి. అవేవీ కోసిన రంధ్రానికి రావు. 2023 జనవరిలో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ400లోనూ మూత ముందు ఫెండర్ మీదే. పైగా దాని మూలమైన ఎక్స్‌యూవీ300 పొడవు 3,995 మిల్లీమీటర్లు కాగా ఎక్స్‌యూవీ400 పొడవు 4,200. పెరిగిన ఆ జానెడు దాదాపుగా వెనక భాగంలోనే ఉంది. అందుకే ఎక్స్‌యూవీ300 వెనక బంపర్, వెనక పక్క రేకులు దీనికి కుదరవు.

ఎంజీ జెడ్‌ఎస్ ఈవీకి ఛార్జింగ్ సాకెట్ ముక్కు మీద ఉంటుంది. 2020లో వచ్చిన మోడల్‌లో అది కంపెనీ గుర్తు వెనక దాగి ఉండేది. 2022లో మార్చిన మోడల్‌లో సాకెట్ ఆ గుర్తు పక్కకు జరిగింది. అంటే పెట్రోలు తోబుట్టువు ఆస్టర్ ముక్కు సరే, ఈవీ ముక్కులే ఒకదానికొకటి కుదరవు. 2024 జనవరిలో వచ్చిన పంచ్ ఈవీకి, 2025 జనవరిలో వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్‌కు కూడా సాకెట్ ముందే. పంచ్ ఈవీలో బానెట్ కింద 14 లీటర్ల చిన్న సామాను పెట్టె కూడా ఉంది. కాబట్టి పెట్రోలు పంచ్, పెట్రోలు క్రెటా ముక్కు భాగాల మీద ఆశ పెట్టుకోకూడదు.

మరి పెట్రోలు తోబుట్టువే లేని ఈవీల మాట? 2024 నవంబర్‌లో మహీంద్రా చూపించిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ మొదటి నుంచీ విద్యుత్ కోసమే గీసిన బళ్లు. వీటికి పాత రేకు కావాలంటే మరో బీఈ 6, మరో 9ఈ ప్రమాదంలో పడి విప్పబడాలి. ఇలాంటి కార్లు కొనేవాళ్లు మొదటి కొన్నేళ్లు షోరూమ్ పార్ట్ మీదే ఆధారపడక తప్పదని ముందే తెలుసుకోవడం మంచిది.

షోరూమ్ కౌంటర్లో దొరికే జవాబు

ఇన్ని మోడళ్లు, ఇన్ని తేదీలు ఎవరికి గుర్తుంటాయి? గుర్తుండాల్సిన పనిలేదు. ప్రతి రేకుకూ కంపెనీ ఇచ్చిన పార్ట్ నంబరు ఉంటుంది. రెండు బళ్లలో ఒక భాగానికి ఒకే పార్ట్ నంబరు ఉంటే అవి రెండూ ఒకటే. వేరైతే ఎందుకు వేరో తేలేదాకా కొనకూడదు.

ఆ నంబరు తెలుసుకోవడానికి ముందు బండి ఛాసిస్ నంబరు కావాలి. ఆర్‌సీ మీద, బండి మీద చెక్కి ఉండే ఈ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మొదటి మూడు తయారీదారును చెబుతాయి: ‘ఎంఏటీ’ అంటే టాటా, ‘ఎంఏ1’ అంటే మహీంద్రా, ‘ఎంఏఎల్’ అంటే హ్యుందాయ్. మిగతావాటిలో మోడల్, తయారైన కాలం, వరస సంఖ్య దాగి ఉంటాయి. సున్నా, ఒకటి అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను ఇందులో వాడరు. ఫోన్లో చదివి చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే తప్పు దొర్లదు.

ఈ ఛాసిస్ నంబరుతో హనుమకొండలోనో వరంగల్‌లోనో ఉన్న కంపెనీ సర్వీస్ సెంటర్ పార్ట్స్ కౌంటర్‌కు వెళ్లాలి. ‘ఈ బండికి ఎడమ ముందు డోరు నంబరు ఎంత? అదే సంవత్సరం పెట్రోలు బండికి ఎంత?’ అని అడగాలి. కౌంటర్ ఉద్యోగి కంప్యూటర్లో చూసి రెండూ చెప్పగలడు. కొత్త రేకు ధర కూడా అక్కడే తెలుస్తుంది. ఆ ధర తెలియకుండా పాత రేకు బేరమాడటం గుడ్డి బేరమే. ఒక్కోసారి కంపెనీ పాత నంబరు రద్దు చేసి దాని స్థానంలో కొత్త నంబరు ఇస్తుంది. అప్పుడు నంబర్లు వేరుగా కనిపించినా భాగం ఒకటే కావచ్చు. ఆ సంగతీ కౌంటర్లోనే తేలుతుంది.

అమెరికాలో ఈ పని పుస్తకాలతో మొదలైంది. హాలండర్ సంస్థ 1930ల నుంచీ ఏ బండి భాగం ఏ బండికి సరిపోతుందో పట్టికలు అచ్చు వేస్తూ వచ్చింది. ఇప్పుడవి కంప్యూటర్లోకి ఎక్కాయి. అక్కడి పాత బళ్ల యార్డులు ఆ పట్టిక నంబర్ల ఆధారంగానే అమ్ముతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు కుటుంబం టెస్లాకు పాత డోరు వెతికినా ఇంటి దగ్గరి నుంచే సంవత్సరం, భాగం, రంగు చెప్పి తెప్పించుకోగలదు. మన దగ్గర అలాంటి ఉమ్మడి పట్టిక సామాన్యుడి చేతికి రాలేదు. అది వచ్చేదాకా కంపెనీ కౌంటర్ చెప్పే నంబరే మనకు పట్టిక.

రేకును తిప్పి చూడండి

దుకాణంలో రేకు ముందు వైపు చూసి మురిసిపోవడం కంటే వెనక్కి తిప్పి చూడటం ముఖ్యం. సమాచారమంతా అక్కడే ఉంటుంది.

ప్లాస్టిక్ బంపర్ లోపలి వైపు వేలితో తడిమితే రూపాయి బిళ్లకంటే చిన్న గుండ్రటి గుర్తు తగులుతుంది. అంచు చుట్టూ 1 నుంచి 12 వరకు అంకెలు, మధ్యలో బాణం గుర్తు, దానికి అటూ ఇటూ సంవత్సరం చివరి రెండు అంకెలు ఉంటాయి. బాణం 8 వైపు చూపిస్తూ మధ్యలో 22 అని ఉంటే ఆ బంపర్ అచ్చులోంచి బయటికి వచ్చింది 2022 ఆగస్టులో. నెక్సాన్ ఈవీ కోసం చూస్తున్నవాళ్లకు ఇది ఎంత పనికొచ్చే గుర్తో ఊహించవచ్చు. దాని పక్కనే పీపీ, ఈపీడీఎం లాంటి అక్షరాలు అచ్చయి ఉంటాయి. అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే గుర్తు. పగులు అతికించాలన్నా, రంగుకు ముందు పూత వేయాలన్నా పెయింటర్‌కు ఆ అక్షరాలు కావాలి. కంపెనీ గుర్తు, పార్ట్ నంబరు కూడా సాధారణంగా ఆ దరిదాపుల్లోనే కనిపిస్తాయి. ఇవేవీ లేని బంపర్ లోకల్ మాల్ అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత రంధ్రాలు లెక్కపెట్టాలి. పార్కింగ్ సెన్సర్లు వెనక మాత్రమే ఉన్నాయా, ముందూ ఉన్నాయా? కెమెరా రంధ్రం ఉందా? ఫాగ్ లైట్ గూడు ఉందా? ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కూ పై వేరియంట్‌కూ ఇవి మారిపోతాయి. డోరు విషయంలో తాళం చెవి లేకుండా తెరిచే బటన్ హ్యాండిల్ మీద ఉందా, అద్దంలో కెమెరా ఉందా, లోపలి వైరింగ్ కనెక్టర్‌కు ఎన్ని పిన్నులున్నాయి అన్నవి చూడాలి. డోరు రేకు సరిపోయి వైరింగ్ సరిపోకపోతే, పాత డోరులోని వైరింగ్, మోటర్, తాళం విప్పి కొత్తదాంట్లోకి మార్చాలి. అది జరిగే పనే. కాకపోతే దాని కూలి కూడా లెక్కలో వేసుకోవాలి.

ముందు వాహనాన్ని పసిగట్టి బ్రేకు వేసే రాడార్ ఉన్న బళ్లలో మరో జాగ్రత్త అవసరం. రాడార్ ఎదురుగా ఉండే ప్లాస్టిక్ మీద మందంగా పుట్టీ పెట్టినా, పొరల మీద పొరలు రంగు కొట్టినా దాని చూపు దెబ్బతింటుంది. బంపర్ మార్చిన తర్వాత సర్వీస్ సెంటర్లో రాడార్‌ను మళ్లీ సరిదిద్దించాలి.

టేకుమట్ల నుంచి హైదరాబాద్ దాకా వెళ్లి తెచ్చిన రేకు సరిపోకపోతే రానుపోను ఖర్చు, ఒక రోజు పని పోయినట్టే. అందుకే పగిలిన పాత రేకును పారేయకుండా వెంట తీసుకెళ్లాలి. తీసుకెళ్లలేకపోతే పాత దినపత్రిక దాని మీద పరిచి, బోల్టు రంధ్రాలు, అంచులు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవచ్చు. బానెట్‌కైతే రెండు మూలల నుంచి ఎదురు మూలలకు టేపుతో కొలవాలి. రెండు కొలతలూ సమానంగా ఉంటే బానెట్ వంకర పోలేదని అర్థం.

వరద బళ్ల రేకులు

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. ప్రాణాలు పోయాయి, పశువులు కొట్టుకుపోయాయి. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచింది, మున్నేరు ఖమ్మాన్ని ముంచింది, మహబూబాబాద్ జిల్లాలో రైలు కట్టే కొట్టుకుపోయింది. అలాంటి ప్రతి వరద తర్వాతా నీట మునిగిన వాహనాలు పెద్ద సంఖ్యలో బీమా కంపెనీల దగ్గరికి చేరతాయి. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి, మిగిలిన బండిని వేలంలో అమ్మేస్తారు. పాత సామాన్ల బజారుకు సరుకు వచ్చే పెద్ద దారుల్లో ఇదొకటి.

ఈవీల విషయంలో ఈ దారికి ఇంకో కారణం తోడవుతుంది. ఈవీలో అన్నిటికంటే ఖరీదైనది బ్యాటరీ. రాయి తగిలి నేల కింది బ్యాటరీ పెట్టె దెబ్బతింటే, పైన రేకులన్నీ మెరుస్తున్నా బండి పూర్తి నష్టం కిందికి పోవచ్చు. అలాంటి బండి డోర్లు కొనదగ్గవే. వరదలో మునిగిన బండి డోరు అలా కాదు. డోరు అడుగు అంచున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అక్కడ సన్నటి పుల్లతో గోకితే ఎండిన ఒండ్రు రాలుతుందేమో చూడాలి. మడత అంచులో రంగు ఉబ్బి ఉంటే లోపల తుప్పు మొదలైనట్టే. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి పొర కనిపిస్తే ఆ వైరింగ్ వాడకూడదు. రేకు ఒక్కటే కావాలనుకుంటే, తుప్పు లేదని తేలాక ధర తగ్గించి తీసుకోవచ్చు. లోపలి మోటర్లు, స్విచ్చులు మాత్రం వదిలేయడమే మేలు.

అయస్కాంతం, లోహం, రంగు

మేస్త్రీలు పాతకాలం నుంచీ వాడే పరీక్ష చిన్న అయస్కాంతం. ఇనుప రేకు మీద గట్టిగా అంటుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదులుతుంది. గుడ్డ ముక్క చుట్టి రేకంతా జరుపుతూ పోతే ఎక్కడ సొట్ట పూడ్చారో తెలుస్తుంది. అయితే అయస్కాంతం ఎక్కడా అంటుకోకపోతే ఆ రేకు చెడ్డదని తేల్చేయకూడదు. అల్యూమినియం కావచ్చు, ప్లాస్టిక్ కావచ్చు. 2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ బాడీ ప్రధానంగా అల్యూమినియమే. మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి వచ్చిన చిన్న విద్యుత్ కారు రేవాకు ఉక్కు గొట్టాల చట్రం మీద ఏబీఎస్ ప్లాస్టిక్ పలకలు బిగించేవారు. 2013 నాటి మహీంద్రా ఈ2ఓ కూడా ఆ బాటలోనిదే. అసలు బండికి ఏ లోహం ఉందో అదే లోహపు రేకు తేవాలి. అల్యూమినియం, ఇనుము నేరుగా తగిలిన చోట తేమ చేరితే తుప్పు వేగంగా పడుతుంది.

ఒకే రంగు రేకు దొరికితే పెయింట్ ఖర్చు మిగులుతుందని చాలామంది ఆశ. పేరు ఒకటైనా రంగు కోడ్ ఒకటి కాకపోవచ్చు. కోడ్ ఒకటైనా నాలుగేళ్లు ఎండలో నిలిచిన బండి రంగు, నీడలో ఉన్న బండి రంగు పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. నెక్సాన్ ఈవీతో పాటు వచ్చిన టీల్ బ్లూ లాంటి రంగు బండికైతే పెట్రోలు బండి రేకు తెచ్చినా రంగు వేయించక తప్పదు. రంగు వేసే ముందు రేకును బిగించి చూడటం మరవద్దు. పక్క రేకుతో సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందా, డోరు తేలిగ్గా మూసుకుంటుందా, బానెట్ లాక్ సరిగ్గా పడుతుందా చూసి, ఆ తర్వాతే పెయింటర్‌కు ఇవ్వాలి. ఒకసారి రంగు వేశాక ఏ దుకాణదారూ వెనక్కి తీసుకోడు.

షెడ్డులో ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు

బోల్టులతో బిగించే రేకులు వేరు, వెల్డింగ్ చేసిన రేకులు వేరు. ఈవీకి ఈ తేడా ప్రాణంతో సమానం.

బానెట్, ముందు ఫెండర్లు, డోర్లు, డిక్కీ డోరు, బంపర్లు బోల్టులతో ఉంటాయి. అనుభవమున్న మేస్త్రీ వీటిని ఊళ్లోని షెడ్డులోనే మార్చగలడు. అప్పుడు కూడా ఛార్జర్ తీసేసి, బండి పూర్తిగా ఆపి, స్మార్ట్ కీ దూరంగా పెట్టి, 12 వోల్టుల చిన్న బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. నారింజ రంగు తొడుగున్న తీగ ఎక్కడ కనిపించినా దాన్ని ముట్టుకోకూడదు, పక్కకు జరపకూడదు. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. కార్ల పెద్ద బ్యాటరీల్లో మామూలుగా 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ముక్కు మీద ఛార్జింగ్ సాకెట్ ఉన్న బళ్లలో ఆ నారింజ తీగలు బంపర్ వెనకే నడుస్తాయి. వాటి ముందు బంపర్ విప్పే పని శిక్షణ ఉన్నవాళ్లకే అప్పగించాలి.

వెనక పక్క రేకు, తలుపుల మధ్య స్తంభాలు, తలుపుల కింది గడప పట్టీ, నేల రేకు వెల్డింగ్‌తో కలిసినవి. వీటిని పాత బండి నుంచి కోసి తెచ్చి అతికించే పద్ధతి పెట్రోలు కార్లలో ఉంది. ఈవీలో అది వద్దు. గడప పట్టీకి ఆనుకునే బ్యాటరీ ఉంటుంది. పక్క నుంచి ఏ బండైనా గుద్దితే దాన్ని కాచేది ఆ పట్టీయే. దాని మీద కోత, వెల్డింగ్ వేడి, నిప్పురవ్వలు పడితే వచ్చే నష్టం రేకు ధరతో తేలేది కాదు. అలాంటి పని కంపెనీ వర్క్‌షాప్‌లో, పెద్ద బ్యాటరీ కనెక్షన్ తీసి, కొత్త భాగంతోనే జరగాలి. రంగు ఆరబెట్టే వేడి గదిలో కూడా ఈవీని ఎంత వేడిలో ఎంతసేపు ఉంచవచ్చో కంపెనీలు హద్దు పెడతాయి. పెయింటర్ ఆ హద్దు కనుక్కోకుండా బండిని లోపల పెట్టకూడదు. విడి డోరుకు విడిగా రంగు వేసి బిగిస్తే ఆ చిక్కే రాదు.

బిల్లు అడగండి, బీమా లెక్క చూడండి

పాత రేకు ఏ బండిది? ఈ ప్రశ్నకు దుకాణదారు దగ్గర జవాబు ఉండాలి. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ సోతీగంజ్ ఒకప్పుడు దేశమంతటికీ పాత కారు భాగాలు పంపిన బజారు. దొంగ బళ్లు విప్పి అమ్ముతున్నారంటూ పోలీసులు పట్టుబట్టడంతో 2021 డిసెంబర్‌లో అది మూతపడింది. దొంగ సొత్తు అని తెలిసి, లేదా తెలుసుకోవడానికి కారణమున్నా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కొన్నవాళ్లూ నేరస్తులే. బిల్లు మీద బండి రిజిస్ట్రేషన్ నంబరు రాయించుకుని, ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే మోడల్, ఇంధనం, రిజిస్ట్రేషన్ తేదీ కనిపిస్తాయి. రేకు నిజంగా ఈవీదేనా అన్నదీ అక్కడే తెలిసిపోతుంది. వాహనాలను పద్ధతి ప్రకారం తుక్కు చేసే కేంద్రాలకు 2021 సెప్టెంబర్‌లో కేంద్రం నియమాలు తెచ్చింది. అలాంటి గుర్తింపు ఉన్న కేంద్రం నుంచి వచ్చిన భాగమైతే భయం ఉండదు.

అసలు పాత రేకు అవసరమా అన్నది కూడా ఒకసారి లెక్క వేసుకోవాలి. సమగ్ర బీమాలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. లోహపు రేకులకు బండి వయసును బట్టి తరుగు: మొదటి ఆరు నెలలు ఏమీ ఉండదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40. రెండున్నరేళ్ల బండికి కొత్త డోరు ధర 20 వేలు అనుకుంటే యజమాని భరించే తరుగు 3 వేలే. దానికి పాలసీలోని తప్పనిసరి కోత, రంగు సామగ్రి తరుగు కలుస్తాయి. జీరో డిప్రిసియేషన్ తీసుకుని ఉంటే ఆ తరుగూ తగ్గుతుంది. ఇక్కడ పాత డోరు కోసం తిరగడం దండగ. బంపర్ సంగతి వేరు. పది వేల బంపర్‌కు సగం సొంత డబ్బే పోతుంది. పైగా క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది ఐదేళ్లు క్లెయిమ్ లేనివాళ్లకు 50 శాతం దాకా ఉంటుంది. చిన్న దెబ్బకు పాత రేకు లాభం, పెద్ద దెబ్బకు బీమా లాభం.

కాబట్టి టేకుమట్లలోనైనా, జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా ఈవీ ఉన్నవాళ్లు బస్సెక్కే ముందే దుకాణదారుకు ఫోన్ చేసి వాట్సాప్‌లో ఈ ఐదు తెప్పించుకోండి: రేకు ముందు వైపు ఫొటో, వెనక వైపు ఫొటో, పార్ట్ నంబరు కనిపించే ఫొటో, తయారీ నెల గుర్తు లేదా బండి రిజిస్ట్రేషన్ నంబరు, బోల్టు రంధ్రాల మధ్య టేపు పెట్టి తీసిన ఫొటో. ఐదూ పంపి, సరిపోకపోతే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాసిచ్చే దుకాణంలోనే కొనండి. అవి పంపడానికి ఒప్పుకోని చోట ఎంత చవకైనా డబ్బు ఇవ్వకండి.